వాల్తేరు పురుగుకు వాల్తేరు సాక్ష్యం

విశాఖ ఫిషింగ్ హార్బరులో బోట్లు ఒడ్డు చేరే వేళకు ఒక ఐసు పెట్టెతో, రెండు డజన్ల ప్లాస్టిక్ గొట్టాలతో వెళ్లి నిలబడడం నాకు పన్నెండేళ్లుగా అలవాటు. వేలంపాట ముగిశాక చేపలు కోసే ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు పక్కన పడేసే పేగులు, మొప్పలు, కార్జాలు అడిగి తెచ్చుకుంటాను. మొదటి ఏడాది ఒక పెద్దావిడ కానాగంతలు కోస్తూ, “సేప ఒగ్గీసి పురుగులట్టుకెల్తావేటమ్మా?” అని అడిగింది. “ఈ పురుగుల పేర్లు తెలుసుకోవాలక్కా” అన్నాను. ఆవిడ కత్తి ఆపి, “ఇన్నాళ్లూ ఎవులూ పేరెట్నేదేటి?” అంది. పెట్టారని చెప్పాను. అది నిజమే, కాని ఆ జవాబులో చెప్పకుండా మిగిలిపోయినది చాలా ఉంది. ఆ మిగిలిన భాగం గురించే ఈ వ్యాసం.

ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో పరాన్నజీవుల అధ్యయనానికి దీర్ఘమైన సంప్రదాయం ఉంది. విశాఖలోని వాల్తేరు తీరపు సముద్రచేపల్లో కనిపించే ట్రెమటోడ్లనే చదును పురుగుల గురించి 1970లలో ఆర్. మాధవి గారు ప్రచురించిన వ్యాసాల వరుస ఈ శాస్త్రంలో పనిచేసే వారికి ఎక్కడున్నా పరిచితమే. పరాన్నజీవి శాస్త్రవేత్త రాడ్నీ బ్రే గారితో కలిసి ఆమె భారతీయ సముద్రచేపల ట్రెమటోడ్లపై రాసిన సమగ్ర గ్రంథం 2018లో వెలువడింది. ఆ సాహిత్యంలో కొన్ని జాతులకు మొదటి నమూనా దొరికిన చోటుగా మన వాల్తేరు పేరే ఉంటుంది. పురుగు పేరు, బొమ్మ, కొలతలు, ఏ చేపలో ఏ అవయవంలో దొరికిందన్న వివరం, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆ మొదటి నమూనాల డీఎన్‌ఏ వరుస, అంటే డీఎన్‌ఏలోని అక్షరాల క్రమం. ఉండే అవకాశమూ అప్పట్లో లేదు. డీఎన్‌ఏ అక్షరాలను చదివే పద్ధతిని ఫ్రెడరిక్ శాంగర్ ప్రకటించినది 1977లో. రవ్వంత నమూనా నుంచి కోట్ల నకళ్లు తీసే పీసీఆర్ ఆలోచన కారీ ముల్లిస్‌కు తట్టినది 1983లో.

నేను చెప్పదలచిన మాట ఇది. పరాన్నజీవి పురుగులను జన్యు వరుసలతో వర్గీకరించే పని ఎంత ముందుకు సాగినా, ఒక పేరును మొదట ఏ తీరంలోని ఏ చేపలో దొరికిన పురుగుకు పెట్టారో, ఆ తీరానికే తిరిగి వచ్చి, ఆ చేపలోంచే పురుగును తీసి, దాని ఒంటినీ దాని వరుసనూ ఒకే సంఖ్య కింద భద్రపరచనంత వరకు, ఆ వరుసకు మనం తగిలించే పేరు ఒక ఊహ మాత్రమే అవుతుంది. వాల్తేరు పేరుతో లోకానికి పరిచయమైన పురుగుల విషయంలో ఈ పని చేయవలసిన బాధ్యత విశాఖపట్నానిది.

ముందు కంటిచూపు సంగతి చెప్పాలి, ఎందుకంటే జన్యు పద్ధతులు వచ్చాక దాన్ని చులకన చేసే ధోరణి నాకు బాధ కలిగిస్తుంది. రెండు మిల్లీమీటర్ల ట్రెమటోడ్ పురుగును కార్మైన్ రంగులో ముంచి, ఆల్కహాలు మెట్ల మీదుగా నీరు తీసి, కెనడా బాల్సమ్ అనే పారదర్శకమైన జిగురులో గాజుపలక మీద నిలిపి సూక్ష్మదర్శిని కింద చూస్తే, అది పూర్తి వివరంతో కనిపించే ఒక ఊరి పటంలా ఉంటుంది. నోటి చూషకానికీ పొట్ట చూషకానికీ మధ్య దూరం, వృషణాలు ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయా పక్కపక్కన ఉన్నాయా, అండాశయం నున్నగా ఉందా తమ్మెలుగా చీలిందా, పచ్చసొన గ్రంథులు ఎంత ముందుకు పాకాయి, గుడ్డు పొడవెంత, పేగు రెండు కొమ్మలూ తోక దాకా వచ్చాయా మధ్యలోనే ఆగాయా అన్న ప్రశ్నలకు జవాబులు వరుసగా రాసుకుంటూ పోతే చాలాసార్లు ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, దాకా చేరవచ్చు. ఈ చూపు ఏళ్ల తరబడి అభ్యాసంతో వస్తుంది. నాకు దాన్ని నేర్పిన గురువుగారు ఒక పలకను మూడు రోజులు చూడనిచ్చి, నాలుగో రోజు మాత్రమే పేరు చెప్పేవారు.

అయితే ఆ చూపు ఎక్కడ మోసపోతుందో కూడా నా అనుభవంలోనే ఉంది. పరిశోధన తొలినాళ్లలో ఒక పారచేప పేగులో దొరికిన పురుగులను రెండు రకాలుగా వేరుచేశాను. ఒక రకం పొడవుగా, వృషణాలు ఎడంగా ఉన్నవి. మరొకటి పొట్టిగా, వృషణాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నవి. రెండోది కొత్త జాతి అని నమ్మి, బొమ్మలు గీసి, కొలతల పట్టిక తయారుచేసుకున్నాను. ఏడాది తరువాత అదే చేప నుంచి తీసిన పురుగులను బతికి ఉండగానే మరుగుతున్న ఉప్పునీటిలో వేసి చంపడం మొదలుపెట్టాను. పురుగు ఒక్క క్షణంలో, ముడుచుకునే వ్యవధి లేకుండా, సహజమైన ఆకారంతో నిలిచిపోతుంది. అలా చేసిన పురుగులన్నీ ఒకే రకంగా కనిపించాయి. నా కొత్త జాతి అనుకున్నది చేప చచ్చిన చాలాసేపటికి తీసినందువల్ల ముడుచుకుపోయి, ఆపైన రెండు గాజుపలకల మధ్య నొక్కినందువల్ల అవయవాలు చోటు తప్పిన పాత జాతే. ఆ వ్యాసం నేను పంపలేదు. కాని అలాంటి పరిస్థితుల్లో పంపిన వ్యాసాలు మన దేశంలో తక్కువేమీ కాదు.

దీనికి పెద్ద ఉదాహరణ మార్పు చేపది. చెరువుల్లో, బురదగుంటల్లో బతికే ఈ చేప పేగులోని ఒక వర్గపు బద్దెపురుగులకు, ప్రధానంగా మన దేశం నుంచి, దశాబ్దాల పాటు 50కి పైగా జాతుల పేర్లు పెడుతూ వచ్చారు. పాత నమూనాలను తెప్పించి, కొత్తగా పట్టిన వాటితో పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులు 2011లో ప్రకటించిన లెక్కలో, నిలిచే జాతులు పది కూడా లేవు. మిగిలిన పేర్లు ఎక్కువ భాగం కుళ్లిన చేపలోంచి తీసిన, నలిగిన, ముడుచుకున్న పురుగులను చూసి పెట్టినవి. పేరు పెట్టిన వారి శ్రద్ధను నేను శంకించడం లేదు. వారి చేతిలో ఉన్నది ఒక్క సాక్ష్యమే. దాన్ని సరిచూసుకోవడానికి రెండో సాక్ష్యం లేదు.

ఆ రెండో సాక్ష్యమే జన్యు వరుస. అది ఎంత లోతుగా మన భావాలను మార్చిందో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జంతువులకు రెండు పదాల పేర్లు పెట్టినప్పుడు, కాళ్లూ ఎముకలూ లేని ప్రాణులను చాలావరకు ‘వెర్మిస్’ అనే ఒకే గంపలో పోశాడు. ఏలికపాము, గొర్రె కార్జపు జలగ, బద్దెపురుగు, వానపాము, నత్త అన్నీ అందులోనివే. ఆ గంపను తరువాతి తరాలు కొంచెం కొంచెంగా విడదీశాయి గాని, ‘పురుగు’ అన్న మాటే ఒక బంధుత్వాన్ని సూచిస్తుందన్న భ్రమ మాత్రం మిగిలింది. నిజానికి సన్నగా, పొడవుగా, కాళ్లు లేకుండా ఉండడం ఇంకొకరి పేగులో బతకడానికి అనువైన ఆకారం. వేరువేరు వంశాల వాళ్లు ఒకే వృత్తిలోకి దిగి ఒకే రకం దుస్తులు వేసుకున్నట్లు, ఎన్నో వేరువేరు వంశాల ప్రాణులు ఆ ఆకారానికి చేరుకున్నాయి.

కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమును నిర్మించే జన్యువుల్లో 18ఎస్ అనేది అన్ని జంతువుల్లోనూ ఉంటుంది, చాలా నెమ్మదిగా మారుతుంది. దాని అక్షరాలను పోల్చినప్పుడు తెలిసిన సంగతులు మొదటిసారి చదివినప్పుడు నేను నిద్రపోలేదు. కుక్క ముక్కురంధ్రాల్లో బతికే నాలుక పురుగును తీసుకుందాం. శతాబ్దం పైగా దాని స్థానం గురించి వాదించుకున్నారు. 1989లో దాని 18ఎస్ వరుస చూస్తే, దానికి దగ్గరి చుట్టం చేప పేను అని తేలింది. కోస్తా జిల్లాల చేపల చెరువుల రైతులకు ఆర్గులస్ అన్న పేరుతో బాగా తెలిసిన, చేప ఒంటి మీద పాకే ఆ పేనే. అంటే కుక్క ముక్కులోని ఆ పురుగు రొయ్యలు, పీతల కుటుంబానికి చెందినది! ముళ్లతొండంతో పేగు గోడను పట్టుకుని వేలాడే ముళ్లతల పురుగులను చాలాకాలం ప్రత్యేక వర్గంగా పాఠాలు చెప్పుకున్నాం. 1990లలో వచ్చిన వరుసలు వాటిని చెరువు నీటిలో కంటికి కనిపించనంత చిన్నగా ఈదే రోటిఫర్ల వంశంలో కలిపాయి. నీటిలో నాచులా అంటుకుని గుంపుగా పెరిగే నాచు జంతువుల్లో పరాన్నజీవిగా బతికే బడ్డెన్‌బ్రోకియా అనే మెలికలు తిరిగే పురుగు జెల్లీ చేపల వంశానిదని 2007లో తేలింది. నోరు, పేగు లేని ఆ ప్రాణిని ఎంత నిపుణుడైన కంటితో చూసినా ఈ సంగతి చెప్పగలిగేవాడు కాదు.

గుండ్రటి పురుగుల విషయంలో 1997, 1998 సంవత్సరాలు ముఖ్యమైనవి. మొదటి ఏడాది వచ్చిన 18ఎస్ పోలిక, ఈ పురుగులు వానపాముల కంటే కీటకాలకు దగ్గరివని, చర్మాన్ని కుబుసంలా విడిచి పెరిగే జంతువులన్నీ ఒక పెద్ద వంశమని చెప్పింది. తరువాతి ఏడాది మార్క్ బ్లాక్‌స్టర్, ఆయన సహచరులు 53 గుండ్రటి పురుగుల వరుసలతో ఒక వంశవృక్షం గీశారు. జంతువుల ఒంట్లో పరాన్నజీవనం కనీసం నాలుగుసార్లు విడివిడిగా మొదలైందని ఆ వృక్షం చూపింది. 2003లో ట్రెమటోడ్లకు అలాంటి పునాదినే 160కి పైగా జాతుల 18ఎస్ వరుసలతో, రైబోజోముదే మరో జన్యువైన 28ఎస్ వరుసలతో వేశారు. నేటికీ నా బల్ల మీద ఆ వృక్షం అచ్చు ప్రతి ఉంటుంది. 2019కి వచ్చేసరికి, 81 పురుగుల మొత్తం జన్యుపటాలను ఒకేసారి పోల్చి చూసే స్థితికి ఈ రంగం చేరింది.

ఈ పెద్ద వృక్షాల సంగతి పండితులకు సంబంధించినదిగా తోచవచ్చు. కాని పేరు తప్పితే మందు లెక్కా తప్పుతుంది. ప్రతి ఏటా ఫిబ్రవరి 10న మన పిల్లలకు బడిలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఆ మాత్ర ఉద్దేశించిన వాటిలో కొంకిపురుగు ఒకటి. మలంలో కనిపించే కొంకిపురుగుల గుడ్లు ఏ జాతివైనా సూక్ష్మదర్శిని కింద ఒకే రకంగా ఉంటాయి కనుక, చాలాకాలం మనుషుల్లో ఉండేవి రెండు జాతులే అన్న లెక్కతో పని నడిచింది. శ్రీలంకలో పునుగుపిల్లి నుంచి తీసి 1911లో పేరు పెట్టిన యాన్సిలోస్టోమా సెయిలానికమ్ ప్రధానంగా కుక్కలు, పిల్లుల్లో ఉండే కొంకిపురుగు జాతి. గుడ్ల డీఎన్‌ఏ చదవడం మొదలయ్యాక, ఆసియాలో చాలాచోట్ల ఇది మనుషుల్లోనూ సాధారణమేనని తెలిసింది. పిల్లవాడికి మాత్ర ఇచ్చి వీధికుక్కను వదిలేస్తే ఆ పురుగు మళ్లీ ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అలాగే గొర్రెల, పశువుల ఊపిరితిత్తుల్లో, కార్జంలో నీటితిత్తులుగా పెరిగే ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్‌ను ఒకే జాతి అనుకునేవారు. 1992లో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే, సొంత డీఎన్‌ఏ ఉన్న భాగం) జన్యువులోని 400 లోపు అక్షరాల చిన్న ముక్కను చదివి చూపిన తేడాల నుంచి మొదలై, నేడు అది గొర్రెలది, గుర్రాలది, పశువులది, ఒంటెలు-పందులది అంటూ అనేక జాతులుగా విడిపోయింది.

అలాగని వరుస చెప్పిందే వేదమని నేను అనను. ఏలికపామును చూడండి. మనిషిలోని దానికి 1758 నుంచి ఒక పేరు, పందిలోని దానికి 1782 నుంచి మరో పేరు. జన్యు వరుసలు ఎన్ని చదివినా ఈ రెండింటి మధ్య గీత తేలికగా కనబడడం లేదు. ఒకదానితో ఒకటి కలిసిన సంకరాల ఆనవాళ్లు దొరుకుతున్నాయి. ఇది ఒకే జాతా రెండు జాతులా అన్న ప్రశ్నకు అక్షరాల తేడాను శాతాల్లో లెక్కకట్టి జవాబు చెప్పలేం, ఎందుకంటే జాతి అంటే ఏమిటన్నది మనం ముందుగా నిర్ణయించుకోవలసిన విషయం. గొర్రెల కార్జపు జలగ ఇంకా గట్టి పాఠం చెబుతుంది. ఫేసియోలా హెపాటికా, ఫేసియోలా జైజాంటికా అనే రెండు జాతులు కలిసిన సంకరాలు ఆసియాలో ఉన్నాయి. మైటోకాండ్రియా తల్లి వైపు నుంచి మాత్రమే వస్తుంది కనుక, దాన్ని ఒక్కదాన్నే చదివితే సంకరం కూడా తల్లి పేరుతోనే చలామణి అవుతుంది. కేంద్రకంలోని జన్యువును కూడా చదివినప్పుడే తండ్రి వంశం బయటపడుతుంది. ఇంటిపేరు ఒక్కటే చూసి మనిషి రెండు వైపుల చుట్టరికాలూ చెప్పలేం కదా!

ఏ జన్యువును ఎంచుకోవాలన్నది కూడా ఆలోచించవలసిన పని. 18ఎస్ పెద్ద కొమ్మలను చూపుతుంది గాని, అక్కచెల్లెళ్లలాంటి జాతులను విడదీయలేదు. 28ఎస్ మొదటి 1,200 అక్షరాల భాగం కుటుంబాన్ని, ప్రజాతిని పట్టిస్తుంది. ట్రెమటోడ్లలో ఐటీఎస్-2 అనే చిన్న భాగం ఒకే జాతిలోని పురుగుల మధ్య చాలా తక్కువగా మారుతుంది కనుక, రెండు నమూనాల్లో అది తేడాగా ఉంటే మనం ఆగి ఆలోచించాలి. మైటోకాండ్రియాలోని కాక్స్-1 అనే జన్యువు వేగంగా మారుతుంది. జాతి లోపలి తేడాలనూ పట్టిస్తుంది. జంతువులన్నిటికీ గుర్తింపు కార్డులాగా పనికివస్తుందని 2003 నుంచి ప్రచారంలోకి వచ్చిన బార్‌కోడు ముక్క ఇదే. కాని అందరూ వాడే సాధారణ ప్రైమర్లు, అంటే పీసీఆర్‌లో ఏ ముక్కకు నకళ్లు తీయాలో చూపే చిన్న డీఎన్‌ఏ తునకలు, చదును పురుగుల మీద తరచు విఫలమవుతాయి. విఫలమైతే నయమే. నాకు ఒకసారి అవి చక్కటి, ఏ మచ్చా లేని వరుసను తెచ్చిపెట్టాయి. రెండు రోజులు సంతోషపడ్డాక దాన్ని పోల్చి చూస్తే అది పురుగుది కాదు, పురుగు కడుపులోని చేప కణజాలానిది.

మరో విషయం చెబుతాను, ఎందుకంటే ఇది ఒక మంచి విద్యార్థిని ఏడాది శ్రమను దాదాపు తుడిచివేసింది. ఆమె ఎంతో కష్టపడి ఒక మొప్ప పురుగు కాక్స్-1 వరుసను సంపాదించింది. దాన్ని ప్రోటీనుగా అనువదించి చూస్తే మధ్యమధ్యలో ముగింపు గుర్తులు వచ్చాయి. అలా వస్తే అది పనిచేసే జన్యువు కాదని, పాడైపోయిన నకలు అని చదువుకుంది కనుక దాన్ని పక్కన పెట్టేసింది. తప్పు ఆమెది కాదు, ఆమెకు ఎవరూ చెప్పకపోవడం. చదును పురుగుల మైటోకాండ్రియా మనందరి కణకేంద్రకం వాడే భాష వాడదు. మూడేసి డీఎన్‌ఏ అక్షరాలకు అర్థం చెప్పే మామూలు పట్టికలో టీజీఏ అంటే వాక్యం ముగిసిందని అర్థం. వీటిలో అది ట్రిప్టోఫాన్ అనే అమినో ఆమ్లం (ప్రోటీనులోని ఒక పూస). మామూలుగా లైసీన్ అనే అమినో ఆమ్లాన్ని సూచించే ఏఏఏ వీటిలో ఆస్పరాజీన్ అనే వేరేదాన్ని సూచిస్తుంది. కంప్యూటరులో పట్టిక మార్చగానే ఆ వరుస మొదటి నుంచి చివరి దాకా ఒక్క విరుపు లేకుండా చదవగలిగాం. పురుగు ఏ వర్గానికి చెందినదో తెలియనివారు దాని వరుసను కూడా సరిగా చదవలేరు. ప్రయోగశాలలో జన్యువు పని, మైక్రోస్కోపు గదిలో శరీరం పని అని మనం గోడ కట్టుకున్నందుకు చెల్లించే మూల్యం ఇది.

ఆ గోడ వల్ల జరిగే అసలు నష్టం ప్రపంచమంతా వాడే వరుసల భాండాగారంలో కనిపిస్తుంది. ఎవరైనా తమ వరుసను అక్కడ జమ చేయవచ్చు, తమకు తోచిన పేరు పెట్టవచ్చు. ఆ వరుస ఏ పురుగు నుంచి వచ్చిందో చూపడానికి పలక ఉందా, ఉంటే ఏ సంగ్రహాలయంలో ఏ సంఖ్య కింద ఉంది అన్న వివరం చాలా నమోదుల్లో ఉండదు. పురుగు మొత్తాన్ని నూరి డీఎన్‌ఏ తీసేశాక చూపడానికి ఏమీ మిగలదు. తరువాత వచ్చినవారు తమ వరుసను దానితో పోల్చి, 99 శాతం కలిసింది కనుక అదే పేరు అని రాస్తారు. మొదటివారు తప్పితే రెండోవారూ తప్పుతారు, మూడోవారికి అది ఇద్దరు చెప్పిన సాక్ష్యంగా కనిపిస్తుంది. నేను ఒక వంజరం చేప పురుగు విషయంలో ఇలాంటి గొలుసును వెనక్కి తవ్వుకుంటూ పోయాను. ఆరు నమోదులు చివరికి ఒకే నమోదు మీద ఆధారపడ్డాయి. ఆ ఒక్కదానికి బొమ్మ లేదు, పలక లేదు, చేప పేరు కూడా ప్రజాతి వరకే ఉంది.

ఇక్కడే వాల్తేరు మాట వస్తుంది. జంతునామాల అంతర్జాతీయ నియమావళి ప్రకారం ఒక జాతి పేరు దాని వర్ణనకు కాకుండా ఒక భౌతికమైన నమూనాకు కట్టుబడి ఉంటుంది. రేపు ఆ వర్ణన తప్పని తేలినా, ఆ నమూనా ఏ జాతిదైతే పేరు ఆ జాతికే చెందుతుంది. పాత నమూనాలు ఫార్మాలిన్ కలిపిన ద్రావణాల్లో గట్టిపడి, రంగుల్లో మునిగి, బాల్సమ్ కింద యాభై ఏళ్లు ఉన్నవి. ఫార్మాలిన్ డీఎన్‌ఏను ప్రోటీన్లతో ముడివేసి తునకలు చేస్తుంది. ఇటీవలి పద్ధతులతో అలాంటి పలకల నుంచి చిన్న చిన్న ముక్కలు రాబట్టిన సందర్భాలు ఉన్నా, అందుకోసం ఉన్న ఒక్క మూలనమూనాను గీకమని అడిగే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు కూడా. మిగిలిన దారి ఒక్కటే. అదే తీరం, అదే చేప, అదే అవయవం, వీలైతే అదే రుతువు చూసుకుని కొత్తగా పురుగును తీయాలి. దాని శరీరం పాత వర్ణనతో కలిసిందని కంటితో నిర్ధారించాలి. అదే పురుగు ముక్క నుంచి వరుసను చదవాలి.

ఈ పని ఇంకెక్కడి నుంచో ఎందుకు కుదరదు? వాల్తేరు కానాగంతలోని పురుగూ, ఆస్ట్రేలియా తీరపు చేపలోని దాన్ని పోలిన పురుగూ ఒకటేనని 1970లలో అనుకోవడంలో తప్పులేదు, ఎందుకంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాని విశాలమైన సముద్రంలో ఒకే పేరుతో తిరుగుతున్న పురుగులను వరుసలతో పరిశీలించినప్పుడు, పోలిక ఒకటే అయినా జాతులు వేరైన ఉదంతాలు పదేపదే బయటపడుతున్నాయి. చేపల్లో, తిమింగలాల్లో బతికే అనిసాకిస్ సింప్లెక్స్ అన్న ఒక్క పేరు కింద మూడు జాతులు దాగి ఉన్నాయని తేలింది. అలా విడిపోయే రోజున అసలు పేరు ఎవరికి దక్కాలన్న తీర్పు మొదటి నమూనా దొరికిన చోటును బట్టే జరుగుతుంది. ఆ చోటు వాల్తేరు అయినప్పుడు, వాల్తేరు నుంచి వరుస లేకపోతే, తీర్పు ఆగిపోతుంది లేదా తప్పుగా జరుగుతుంది.

ఈ ఊరికి ఇలాంటి స్థానం కొత్తదేమీ కాదు. స్కాట్లండ్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. ఆయన చేపలకు మన జాలర్లు చెప్పిన తెలుగు పేర్లనే రాసుకున్నాడు. ఆ బొమ్మల్లో ఒకదాన్ని ఆధారం చేసుకుని 1816లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త కువియే పేరు పెట్టిన చేప నేటికీ ప్రపంచమంతటా ‘కనగుర్త’ అనే జాతినామంతోనే చెలామణి అవుతున్నది. హార్బరులో ఆ పెద్దావిడ కోస్తున్న కానాగంత అదే. చేపకు మన తీరం సాక్ష్యం ఉన్నప్పుడు దాని పేగులోని పురుగుకు కూడా ఉండాలని కోరడం అత్యాశ కాదు.

నాతో ఏకీభవించని మిత్రులు రెండు మాటలు అంటారు. ఒకటి, త్వరలో ప్రతి ప్రాణి పూర్తి జన్యుపటం చవకగా చదవగలిగినప్పుడు ఈ పాత పేర్లతో పని ఉండదు, వరుసలకే సంఖ్యలు ఇచ్చుకోవచ్చు అని. నేను ఒప్పుకోను. ఈ పురుగు ఏ నత్తలో పెరుగుతుంది, ఏ చేపకు హాని చేస్తుంది, మాధవి గారు ఆ పురుగు జీవితచక్రంలో ఏమి చూశారు అన్న యాభై ఏళ్ల జ్ఞానమంతా ఆ పేరుకే అంటిపెట్టుకుని ఉంది. పేరును వదిలి సంఖ్యను పట్టుకుంటే ఆ జ్ఞానానికి దారి మూసుకుపోతుంది. రెండోది డబ్బు మాట. ఇందులో నిజముంది, చిన్న కళాశాలలో పీసీఆర్ యంత్రం దొరకడమే కష్టం, వరుస చదివించడానికి నమూనాలను బయటికి పంపాలి. కాని ఖర్చయ్యే పని తరువాత వచ్చేది. ముందు చేయవలసినవి, అంటే తాజా చేప, మరిగే ఉప్పునీరు, 95 శాతం ఇథనాల్, సరైన చీటీ, ఇవి ఏ కళాశాలకూ మోయలేని భారం కావు. ఇథనాల్‌లో, చల్లటి పెట్టెలో పడుకున్న పురుగు పదేళ్ల తరువాత డబ్బు దొరికినా చదవడానికి సిద్ధంగా ఉంటుంది. ఫార్మాలిన్‌లో వేసిన పురుగు అలా కాదు. మా సంగ్రహంలో నేనే స్వయంగా ఏడేళ్ల పాటు ఫార్మాలిన్‌లో వేసిన నాలుగు వందల పైచిలుకు గొట్టాలు ఉన్నాయి. వాటి నుంచి నాకు పనికివచ్చే వరుస ఒక్కటి కూడా రాలేదు. ఆ ఏళ్లలో ఒక సీసా ఇథనాల్ పక్కన పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

జన్యు వరుస వల్ల మాత్రమే సాధ్యమయ్యే మరొక పని గురించి చెప్పకుండా ఉండలేను. చేప కార్జం మీద, పేగుపొర మీద గడియారపు స్ప్రింగులా చుట్టుకుని పడుకునే తెల్లటి పిల్ల పురుగులు చేపలు కోసే అందరికీ తెలుసు. పిల్ల దశలో జననాంగాలు ఉండవు కనుక పుస్తకంలోని ప్రశ్నలకు జవాబులు ఉండవు. దాని పెద్ద రూపం ఏ తిమింగలంలోనో, ఏ సొరలోనో ఉంటుంది. అలాగే గోస్తనీ కయ్యలోని నత్త నుంచి ఈదుతూ వచ్చే తోక పిల్లకూ, పెద్ద చేప పేగులోని ట్రెమటోడ్‌కూ పోలికే ఉండదు. పూర్వం ఈ రెండింటినీ కలపాలంటే నత్తలను పెంచి, చేపలకు ఎక్కించి, నెలల తరబడి ప్రయోగం చేయవలసి వచ్చేది. మన విశ్వవిద్యాలయంలో ఆ ఓపికతో చేసిన పని చూస్తే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. ఇప్పుడు పిల్లది ఒక వరుస, పెద్దది ఒక వరుస. రెండూ కలిస్తే తల్లీబిడ్డా ఒక చోట చేరినట్లే. అయితే కలపడానికి ముందు పెద్ద పురుగు పేరు నమ్మదగినదై ఉండాలి.

నేను పాటించే పద్ధతి ఇది. పురుగును ఉప్పునీటితో చంపిన తరువాత, సూక్ష్మదర్శిని కింద తోక కొన నుంచి, గుర్తింపుకు అవసరమైన ఏ అవయవానికీ తగలకుండా, సన్నటి బ్లేడుతో ఒక తునక కోస్తాను. ఆ తునక ఇథనాల్‌లోకి, మిగిలిన ఒళ్లు రంగులోకి, ఆపైన పలక మీదికి పోతుంది. రెండింటికీ ఒకే సంఖ్య. చేపకు కూడా ఒక సంఖ్య, ఒక ఫోటో, రెక్క కొన నుంచి ఒక తునక, ఎందుకంటే చేపను తప్పుగా గుర్తిస్తే పురుగు చిరునామా కూడా తప్పుతుంది. బోటు ఎంత దూరంలో వల వేసిందో అడిగి రాసుకుంటాను. ఇలా ఒళ్లూ వరుసా రెండూ పూర్తయినవి నా దగ్గర పదకొండు జాతులు ఉన్నాయి. వాటిలో తొమ్మిది పాత వర్ణనలతో చక్కగా కలిశాయి. ఒకటి నేను ఇంతకాలం ఒకే జాతి అనుకున్నదాన్ని రెండుగా చూపింది. పదకొండోది ఏదో ఇంకా తేల్చలేకపోతున్నాను: ఒళ్లు వాల్తేరు వర్ణనతో గీతకు గీత సరిపోతున్నది, ఐటీఎస్-2 మాత్రం ఆ పేరుతో భాండాగారంలో ఉన్న ఏకైక నమోదుకు చాలా దూరంగా ఉంది. ఆ నమోదు వేరే సముద్రం నుంచి వచ్చినది, దానికి పలక లేదు. నాకున్న పురుగులు రెండే, రెండూ ఒకే చేపలోవి. ఇంకో ఆరైనా, వేరువేరు చేపల నుంచి, కావాలి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. జూన్ 14తో అది ముగిశాక బోట్లు తిరిగి వస్తాయి. చేపలు కోసే ఆ పెద్దావిడకు ఇప్పుడు చూపు ఆనడం లేదు, కూతురు కూర్చుంటోంది. పెద్ద కానాగంతల పేగులు కడగకుండా, కవరులో కట్టి, ఐసులో పెట్టి ఉంచమని ఆ అమ్మాయికి చెప్పి వచ్చాను.